మెట్లు పీకేసి మెరిట్ అడుగుతున్నారు

(కాలేజీ గోడల వెనక – 7)

“ల్యాబ్‌లో సీసాలు కడిగేవాళ్లకు కూడా ప్రమోషన్లా?”

ఈ మాట అన్నది ఊళ్లో పెత్తందారు కాదు. ఒక ప్రభుత్వ కాలేజీ స్టాఫ్ రూములో, చేతిలో టీ కప్పుతో, డాక్టరేటున్న ఒక అధ్యాపకుడు అన్నాడు. పక్కనున్న నలుగురు నవ్వారు. నవ్వినవాళ్లలో ఇద్దరు సంఘం నాయకులు. మొన్న పీఆర్సీ కోసం చేసిన ధర్నాలో “ఉద్యోగుల ఐక్యత వర్ధిల్లాలి” అని గొంతు చించుకున్నవాళ్లే.

మా కాలేజీ ల్యాబ్ సిబ్బంది మూడు వారాలుగా భోజన విరామంలో నల్ల బ్యాడ్జీలు పెట్టుకుని నిలబడుతున్నారు. వాళ్లు అడుగుతున్నవి నాలుగే. చేస్తున్న పనికి తగిన పోస్టు పేరు. ల్యాబ్‌లోనే ఉంటూ పైకి వెళ్లే ప్రమోషన్ మార్గం. అందరికీ కనబడేలా సీనియారిటీ లిస్టు, రోస్టర్ రిజిస్టరు. ఒకే బల్ల దగ్గర ఒకే పని చేస్తున్న రెగ్యులర్ మనిషికీ, ఔట్‌సోర్సింగ్ మనిషికీ సమానమైన జీతం. అంతే. ఎవరి కుర్చీ అడగలేదు, ఎవరి ఇంక్రిమెంటూ అడగలేదు.

“ఇది ఉద్యోగుల సమస్య కదా సార్, ఇందులో కులం ఎక్కడుంది?” అని కొందరు విద్యార్థి మిత్రులు అడిగారు. మంచి ప్రశ్న. కులం ఎక్కడుందో చూపించడానికే ఈ వారం వ్యాసం. ఓపిగ్గా చదవండి, కొంచెం జీవోలూ తీర్పులూ ఉంటాయి. మనల్ని బయట నిలబెట్టే పని ఈ రోజుల్లో తిట్లతో జరగడం లేదు, ఫైళ్లతో జరుగుతోంది. ఫైలు చదవడం మనం నేర్చుకోవాల్సిందే.

1. ఆ చేతికి ఏం తెలుసు

బీఎస్సీ చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేను చెప్పక్కర్లేదు. మీరు టైట్రేషన్‌కి నిలబడేసరికి బ్యూరెట్ కడిగి ఉంటుంది, దాని కుళాయికి గ్రీజు రాసి ఉంటుంది, పర్మాంగనేట్ ద్రావణం సరైన గాఢతలో సీసాలో ఉంటుంది. అది దానంతటదే తయారవలేదు. ఆక్జాలిక్ ఆమ్లం తూచి, కరిగించి, దానితో పర్మాంగనేట్‌ని సరిచూసి పెట్టిన చెయ్యి ఒకటుంది. సాల్ట్ ఎనాలిసిస్‌లో ఏ నంబరు పొట్లంలో ఏ లవణం ఉందో ఆ చేతికి తెలుసు. ఆమ్లాన్ని నీళ్లలో పోయాలిగానీ నీళ్లను ఆమ్లంలో పోయకూడదని మీకు పుస్తకం చెప్పింది, ఆ చేతికి కాలిన మచ్చ చెప్పింది.

ఫిజిక్స్ ల్యాబ్‌లో స్పెక్ట్రోమీటర్ బల్లను సమంగా నిలబెట్టి, సోడియం దీపాన్ని ముందే వెలిగించి వేడెక్కనిచ్చేది ఎవరు? బోటనీలో మైక్రోస్కోపు కటకాలకు బూజు పట్టకుండా చూసేది ఎవరు? జువాలజీ మ్యూజియంలో జాడీల్లో ఫార్మలిన్ మార్చేది ఎవరు? ఫార్మాల్డిహైడ్ మనిషికి క్యాన్సర్ తెచ్చే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. ఇరవై ఏళ్లుగా ఆ ఘాటు పీలుస్తున్న మనిషికి ఒక మంచి మాస్కు కావాలంటే మాత్రం ఇండెంటు పెట్టాలి, అది మూడు సంతకాలు దాటాలి.

న్యాక్ బృందం వస్తుందంటే స్టాక్ రిజిస్టరు రాసేది వాళ్లు, సంతకం పెట్టేది ఇంకొకరు. కొత్తగా చేరిన లెక్చరర్‌కి ఆ ల్యాబ్‌లో ఏ పరికరం ఎలా మొరాయిస్తుందో నేర్పేది వాళ్లు, “ఇన్‌చార్జి” అని బోర్డు మీద పేరు వేయించుకునేది ఇంకొకరు. దీన్ని సీసాలు కడగడం అంటున్నారు. సీసా సరిగ్గా కడక్కపోతే మీ ప్రయోగం విలువ తప్పుతుందన్న సంగతి కెమిస్ట్రీ తెలిసినవాడికి తెలియాలి.

ఇక ఆ చేతులు ఎవరివి? మా కాలేజీలో ఎక్కువమంది మాల, మాదిగ ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. మిగతావాళ్లలో యానాదులున్నారు, వడ్డెరలున్నారు, చాకలివాళ్లున్నారు. మీ కాలేజీలో ఒకసారి చూడండి. ఎక్కడో ఒకచోట వేరేగా ఉంటే నాకు చెప్పండి, సంతోషిస్తాను.

2. పేరులోనే పెట్టిన గడప

నేను తెలుగు చెప్పేవాణ్ణి కాబట్టి మాటల దగ్గర ఆగుతాను. కాలేజీలో రెండే జాతులు: బోధన సిబ్బంది, బోధనేతర సిబ్బంది. బోధన, ఇతర కలిస్తే బోధనేతర. సంధి క్లాసుకి మంచి ఉదాహరణే. కానీ ఒక మనిషిని అతను ఏం చేస్తాడో చెప్పి కాక, ఏం కాడో చెప్పి పిలవడం మనకు కొత్త కాదు. అవర్ణులు అన్నారు, అస్పృశ్యులు అన్నారు, నాలుగు చెప్పి ఐదోది లేదంటూనే పంచములు అన్నారు. మన పని ఏమిటో మన పేరులో ఎప్పుడూ లేదు. వాళ్లు కానిది మనం, అంతే.

ఇంకా దారుణం పోస్టు పేరు. మా కాలేజీలో ల్యాబ్ నడిపే మనిషి కాగితం మీద “రికార్డ్ అసిస్టెంట్”. ఆ పేరులో ల్యాబ్ అన్న మాటే లేదు. కింద ఉన్నవాడు “ఆఫీస్ సబార్డినేట్”. అందులో ల్యాబ్ లేకపోగా, సబార్డినేట్ అని లొంగుబాటు మాత్రం ఉంది. ఇరవై ఏళ్లు ఆమ్లాలతో బతికిన మనిషి సర్వీస్ రిజిస్టరు తెరిచి చూస్తే ఆయన ఫైళ్లు మోసినట్టే ఉంటుంది. పని చేసినట్టు రుజువు లేకపోతే ఆ పనికి జీతం ఎలా అడుగుతావు? ఆ పనిలో ప్రమోషన్ ఎలా అడుగుతావు?

పిలుపు సంగతి కూడా చూడండి. నిన్న చేరిన ఇరవై ఏడేళ్ల లెక్చరర్, యాభై ఐదేళ్ల ల్యాబ్ మనిషిని “ఒరేయ్” అనకపోవచ్చు, కాలం మారింది. కానీ “నువ్వు” అంటాడు. ఆయన “సార్, మీరు” అంటాడు. అదే యాభై ఐదేళ్ల సూపరింటెండెంటు ఎదురైతే ఈ కుర్రాడి నోటికి “మీరు” దానంతటదే వచ్చేస్తుంది. వయసుకి మర్యాద ఇచ్చే సంస్కృతి మాది అని వేదికలెక్కి చెప్పేవాళ్లు ఈ “నువ్వు” ఎక్కడ నేర్చుకున్నారో చెప్పాలి.

3. ఒకరికి ఎస్కలేటర్, ఒకరికి గోడ

ఇప్పుడు జీతం, ప్రమోషన్ లెక్కకు వద్దాం.

నాలాంటి అధ్యాపకుడికి యూజీసీ స్కేలు. ఏడో పే కమిషన్ ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ మొదటి మూలవేతనం 57,700 రూపాయలు. పీహెచ్‌డీ ఉంటే నాలుగేళ్లకు, ఎంఫిల్ ఉంటే ఐదేళ్లకు, రెండూ లేకపోతే ఆరేళ్లకు పై స్థాయికి అర్హత. దీన్ని కెరీర్ అడ్వాన్స్‌మెంట్ స్కీం అంటారు. ఇందులో అందరూ దాటేసే సంగతి ఒకటుంది. పైన పోస్టు ఖాళీ ఉందా అని ఎవరూ అడగరు. మనిషి అర్హత సాధిస్తే మనిషితో పాటే పోస్టూ పెరుగుతుంది. చదివి పని చేసిన మనిషి ఎదగడానికి ఎవరో రిటైర్ అయ్యేదాకా ఎందుకు ఆగాలి అన్న న్యాయం దాని వెనక ఉంది. మంచి న్యాయమే.

ఆ న్యాయం తలుపు దాటి ల్యాబ్‌లోకి మాత్రం రాదు. 2018 యూజీసీ నిబంధనలు అధ్యాపకులతో పాటు “ఇతర అకడమిక్ సిబ్బంది”ని గుర్తించాయి. ఆ ఇతరుల్లో లైబ్రేరియన్ ఉన్నారు, వ్యాయామ విద్య డైరెక్టర్ ఉన్నారు. ఉండాల్సిందే. పుస్తకం అకడమిక్, ఆట అకడమిక్. ప్రయోగం మాత్రం అకడమిక్ కాదట! సైన్సు పుట్టిందే ప్రయోగంలో అయినప్పుడు, ప్రయోగశాలను నిలబెట్టే మనిషి అకడమిక్ ఎందుకు కాడు?

ఆయనకు ఉన్న దారి ఇది. ఆఫీస్ సబార్డినేట్ నుంచి రికార్డ్ అసిస్టెంట్. అక్కడి నుంచి అర్హత ఉంటే, ఖాళీ ఉంటే, జూనియర్ అసిస్టెంట్. అంటే గుమస్తా. గమనించారా? ల్యాబ్ మనిషి పైకి వెళ్లాలంటే ల్యాబ్ వదిలి ఆఫీసుకి వెళ్లాలి. ఇరవై ఏళ్ల నైపుణ్యాన్ని గుమ్మం బయట విడిచి, కొత్తగా జీతాల బిల్లులు నేర్చుకోవాలి. ఒక సర్జన్‌కి “నీకు ప్రమోషన్ కావాలంటే ఆపరేషన్లు మానేసి అకౌంట్స్‌కి రా” అని చెబితే దేశం నవ్వుతుంది. ల్యాబ్ మనిషికి చెబితే అది సర్వీస్ రూలు.

మా కాలేజీలో ఉద్యోగం చేస్తూనే దూరవిద్యలో డిగ్రీ పూర్తి చేసినవాళ్లున్నారు. ప్రమోషన్‌కి అర్జీ పెట్టారు. తిరిగొచ్చిన జవాబు ఒక్క వాక్యం: మీ పోస్టుకు ల్యాబ్‌లో ప్రమోషన్ చానల్ లేదు. అర్హత లేదని రాయలేదు, పని రాదని రాయలేదు. చానల్ లేదు అని రాశారు. మెట్లు కట్టలేదు కాబట్టి నువ్వు ఎక్కలేవు అని దాని అర్థం. అదే ఆఫీసు, అదే నోటితో, బయట అంటుంది: వీళ్లకు మెరిట్ లేదు, అందుకే అక్కడే ఉండిపోయారు.

“ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ ఇస్తున్నాం కదా” అంటారు. అవును, 6, 12, 18, 24 ఏళ్లకు స్కేలు కొంచెం జరుగుతుంది. కానీ పన్నెండేళ్ల తర్వాత వచ్చే ప్రమోషన్ పోస్టు స్కేలుకు పై పోస్టుకు కావలసిన అర్హతే చూస్తారు. పైగా అది డబ్బు మాత్రమే. హోదా రాదు, అధికారం రాదు, స్టాక్ రిజిస్టరు మీద సంతకం రాదు. అన్నిటికన్నా ముఖ్యంగా, పోస్టు పెరగదు కాబట్టి అక్కడ రోస్టర్ రాదు. ఇక్కడే అసలు కథ మొదలవుతుంది.

4. ఐదు అనే అంకె

ప్రమోషన్లలో రిజర్వేషన్ మనకు ఎవరూ దయతలచి ఇవ్వలేదు. 1992లో ఇంద్రా సాహ్నీ తీర్పు ప్రమోషన్లలో రిజర్వేషన్ కుదరదంది. దళిత సంఘాలు, ఎంపీలు పోరాడితే 1995లో 77వ సవరణ వచ్చింది, రాజ్యాంగంలో 16(4ఎ) చేరింది. 2001లో 85వ సవరణతో ఆ ప్రమోషన్‌తో వచ్చే సీనియారిటీకి కూడా రక్షణ వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 ఫిబ్రవరి 14న సాంఘిక సంక్షేమ శాఖ జీవో 5 ఇచ్చింది: అన్ని ప్రభుత్వ శాఖల్లో, అన్ని స్థాయిల్లో ఎస్సీ, ఎస్టీలకు ప్రమోషన్లలో రిజర్వేషన్.

చదివితే కళ్లు చెమ్మగిల్లుతాయి. తర్వాతి ముక్క చదవండి. ఏ క్యాడర్‌లో మొత్తం పోస్టులు ఐదు దాటితే, ఆ క్యాడర్‌లో మాత్రమే.

ఇప్పుడు ల్యాబ్ వైపు తిరగండి. స్టోర్ కీపర్ ఒక క్యాడర్. మ్యూజియం కీపర్ ఒకటి. హెర్బేరియం కీపర్ ఇంకొకటి. మెకానిక్ మరొకటి. పాలిటెక్నిక్‌కి వెళ్తే ఎలక్ట్రీషియన్ వేరు, వెల్డింగ్ షాపు వేరు, డీజిల్ మెకానిక్ వేరు. అందరూ చేసేది సాంకేతిక పనే, అందరూ పిల్లలకు చేతిపని నేర్పేవాళ్లే. కానీ కాగితం మీద ఒక్కో పేరు ఒక్కో దీవి. దీవికి ఒకటో రెండో పోస్టులు. ఐదు ఎప్పుడు దాటుతుంది? ఒక్క పోస్టే ఉన్న క్యాడర్‌లో రిజర్వేషన్ కుదరదని 1998లో చండీగఢ్ పీజీఐ కేసులో సుప్రీంకోర్టు చెప్పనే చెప్పింది. 2022 జనవరి 28న జర్నైల్ సింగ్ కేసులో, ప్రాతినిధ్యం తగినంత ఉందా లేదా అనే లెక్క క్యాడర్ వారీగా తీయాలని కూడా చెప్పింది. క్యాడరే లేకపోతే లెక్క లేదు. లెక్క లేకపోతే లోటు లేదు. లోటు లేకపోతే రిజర్వేషన్ లేదు. ఎంత అందంగా మూసుకుపోయిందో చూడండి! ఏ అధికారీ మనల్ని తిట్టలేదు. ఎవరూ 16(4ఎ)ని రద్దు చేయలేదు. పోస్టుల్ని ముక్కలు చేశారు, అంతే.

ఈ ఎత్తు మనకు తెలియంది కాదు. విశ్వవిద్యాలయాల అధ్యాపక పోస్టుల్లో 13 పాయింట్ల రోస్టర్ గొడవ గుర్తుందా? 2017లో అలహాబాద్ హైకోర్టు తీర్పు, దాన్ని పట్టుకుని 2018 మార్చి 5న యూజీసీ ఉత్తర్వు: ఇకపై యూనివర్సిటీ మొత్తం కాదు, డిపార్ట్‌మెంటే యూనిట్. ఆ రోస్టర్‌లో ఎస్సీకి మొదటి పోస్టు ఏడోది, ఎస్టీకి పద్నాలుగోది. ఏడుగురు లేని డిపార్ట్‌మెంట్‌లో ఎస్సీకి చోటే లేదు. యూనిట్‌ని చిన్నది చేస్తే రిజర్వేషన్ చచ్చిపోతుందని దేశమంతా దళిత, ఆదివాసీ, బీసీ అధ్యాపకులు, విద్యార్థులు పసిగట్టారు. 2019 మార్చి 5న భారత్ బంద్ జరిగింది. రెండు రోజుల్లో, మార్చి 7న ఆర్డినెన్సు వచ్చింది, ఆ ఏడాదే చట్టమైంది. కేంద్ర విద్యాసంస్థల్లో సంస్థ మొత్తాన్ని ఒక యూనిట్‌గా లెక్కించాలన్నది దాని సారం.

గొప్ప విజయం. కానీ ఆ చట్టం పేరులోనే “ఉపాధ్యాయ క్యాడర్” అని ఉంది. ల్యాబ్ మనిషి అందులో లేడు. ప్రొఫెసర్ పోస్టుకు యూనిట్ ముక్కలు చేస్తే అది మనువాదం. ల్యాబ్ టెక్నీషియన్ పోస్టుకు ముక్కలు చేస్తే అది పరిపాలనా సౌలభ్యమా? అదే కత్తి, అదే కోత. కోసింది మాత్రం మన కింది వరస మనుషుల్ని.

5. మన్మాడ్ నుంచి బాల్టిమోర్ దాకా

“అంబేడ్కర్ చదువుకోమన్నాడు, ల్యాబ్ అటెండర్ల ప్రమోషన్ల గురించి మాట్లాడాడా?” అని ఎకసెక్కంగా అడిగిన మేధావి కూడా ఉన్నాడు. మాట్లాడారు స్వామీ. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో జీఐపీ రైల్వే దళిత కార్మికుల సభలో బాబాసాహెబ్ సరిగ్గా ఈ విషయమే మాట్లాడారు. బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం కార్మికుడికి ఇద్దరు శత్రువులని చెప్పిన ప్రసంగంగా అది అందరికీ తెలుసు. అదే ప్రసంగంలో ఆయన రైల్వే పోస్టుల్ని ఒక్కొక్కటిగా తీసి చూపించారు. దళితుడు గ్యాంగ్‌మన్‌గా చేరి గ్యాంగ్‌మన్‌గానే ముగిసిపోతున్నాడని, పైకి వెళ్లే దారి లేదని చెప్పారు. కనీసం పోర్టర్ కూడా కాలేడు, ఎందుకంటే పోర్టర్ స్టేషన్ మాస్టర్ ఇంట్లో పని చేయాలి, అంటరానివాడు ఆ ఇంట్లోకి ఎలా వెళ్తాడు? బట్టల మిల్లుల్లో మంచి జీతం వచ్చే నేత విభాగంలోకి దళితుణ్ణి రానివ్వడం లేదని కూడా ఎత్తి చూపారు. కార్మిక ఐక్యత గురించి ఉపన్యాసాలిచ్చే సంఘాలు ఈ గోడల గురించి ఎందుకు మాట్లాడవని నిలదీశారు.

ఎనభై ఏళ్లు దాటింది. స్టేషన్ మాస్టర్ ఇల్లు పోయి ప్రిన్సిపాల్ ఛాంబర్ వచ్చింది. గ్యాంగ్‌మన్ పోయి రికార్డ్ అసిస్టెంట్ వచ్చాడు. సంఘాల మౌనం మాత్రం అలాగే ఉంది.

అమెరికాలో నల్లజాతి బిడ్డ వివియన్ థామస్ కథ మన విద్యార్థులు తెలుసుకోవాలి. వడ్రంగి పని చేసేవాడు. డాక్టర్ చదువు కోసం దాచుకున్న డబ్బు ఆర్థిక మాంద్యంలో పోయింది. 1930లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో ఆల్ఫ్రెడ్ బ్లేలాక్ అనే సర్జన్ ల్యాబ్‌లో చేరాడు. పరిశోధకుడు చేసే పని చేశాడు. జీతాల పట్టీలో మాత్రం ఆయన హోదా జానిటర్, అంటే ఊడ్చేవాడు. 1941లో బ్లేలాక్ బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌కి వెళ్తూ ఆయన్ని తీసుకెళ్లాడు. నీలి శిశువుల గుండె లోపాన్ని సరిచేసే ఆపరేషన్ పద్ధతిని కుక్కల మీద చేసి చేసి సాధించింది థామస్. 1944 నవంబర్ 29న మొదటిసారి ఒక పసిబిడ్డకు ఆ ఆపరేషన్ చేస్తున్నప్పుడు, కాలేజీ డిగ్రీ లేని ఆ టెక్నీషియన్ స్టూలు మీద నిలబడి బ్లేలాక్ భుజం వెనక నుంచి ఒక్కో అడుగూ చెప్పాడు. ఆపరేషన్‌కి ఇద్దరు తెల్ల డాక్టర్ల పేర్లు పెట్టారు. థామస్ పేరు చేరడానికి దశాబ్దాలు పట్టింది. 1976లో హాప్కిన్స్ ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

1972లో బొంబాయిలో దళిత పాంథర్స్ తమ పేరును నల్లజాతి ఉద్యమం నుంచే తీసుకున్నారు. ఆ బంధుత్వం పోస్టర్లకే పరిమితం కాకూడదు. మీ జీతాల పట్టీలో “ఆఫీస్ సబార్డినేట్” అని ఉన్న మనిషి ల్యాబ్‌లో ఏం చేస్తున్నాడో చూడటం దగ్గర మొదలవ్వాలి.

6. ఏజెన్సీ తెర

ఇప్పటిదాకా చెప్పింది రెగ్యులర్ వాళ్ల సంగతి. కనీసం వాళ్లకు ఎక్కడానికి మెట్టు లేకపోయినా నిలబడటానికి నేల ఉంది. రిటైరైన ప్రతి ల్యాబ్ మనిషి స్థానంలో వస్తున్నది ఔట్‌సోర్సింగ్.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 పీఆర్సీ ప్రకారం ప్రభుత్వ ఉద్యోగి కనిష్ఠ మూలవేతనం 20,000. దాని మీద కరువు భత్యం, ఇంటద్దె భత్యం. అదే 2022 జనవరిలో ఔట్‌సోర్సింగ్ వాళ్లకు ఇచ్చిన జీవోలో మూడు కేటగిరీలు: 21,500, 18,500, 15,000. తెలంగాణలో 2021 జీవో ప్రకారం 22,750, 19,500, 15,600. అడుగున ఉన్న ఆ 15,000 చూడండి. అదే ప్రభుత్వం తన అత్యంత చిన్న ఉద్యోగికి ఇంతకన్నా తక్కువ ఇవ్వకూడదని తేల్చిన మూలవేతనం కన్నా అది 5,000 తక్కువ. అందులోనే ఇంటద్దె, పిల్లల ఫీజు, మందులు. ఒకే సింకు దగ్గర నిలబడి ఒకే బ్యూరెట్ కడిగే ఇద్దరి మధ్య ఇంత తేడా ఏ సైన్సు ప్రకారం?

పంజాబ్ ప్రభుత్వం వర్సెస్ జగ్జీత్ సింగ్ కేసులో 2016 అక్టోబర్ 26న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: తాత్కాలిక ఉద్యోగి రెగ్యులర్ ఉద్యోగి చేసే పనే చేస్తుంటే, ఆ పోస్టు స్కేలులోని కనిష్ఠ వేతనం ఇవ్వాల్సిందే. తీర్పు వచ్చాక ప్రభుత్వాలు ఏం చేశాయి? మనిషిని తమ ఉద్యోగి కాదన్నాయి. ఏజెన్సీ మనిషి, కార్పొరేషన్ మనిషి, మాకు సంబంధం లేదు అన్నాయి. కేంద్ర జల సంఘంలో ఏళ్ల తరబడి ఊడ్చిన, తోటపని చేసిన కార్మికుల కేసు జగ్గో. అందులో 2024 డిసెంబర్ 20న సుప్రీంకోర్టు వాళ్లను క్రమబద్ధీకరించమంది. ఏళ్ల తరబడి సాగే పనిని తాత్కాలికమని పిలిచి, ఔట్‌సోర్సింగ్‌ను డాలుగా అడ్డం పెట్టుకునే తీరును తప్పుపట్టింది. ప్రభుత్వ ఆఫీసుల్లో ఈ తీర్పు ఎవరైనా చదివారా?

కులం దృష్టితో చూస్తే నష్టం ఇంకా లోతైనది. ఏజెన్సీ మనిషికి సర్వీస్ రిజిస్టరు లేదు. సర్వీస్ లేకపోతే సీనియారిటీ లేదు. సీనియారిటీ లేకపోతే ప్రమోషన్ లేదు, ప్రమోషన్ రోస్టర్ లేదు. వర్గీకరణ మీద మాల, మాదిగ సోదరులు ఇన్నేళ్లు వాదించుకున్నారు. ఎవరి వాటా ఎంత అని తేల్చుకునేలోపు పంచుకోవాల్సిన కుండనే ఏజెన్సీ ఎత్తుకుపోతోంది. ఈ ఒక్క విషయంలోనైనా రెండు వాడలూ ఒకే గేటు ముందు నిలబడాలి.

7. వాళ్ల మూడు సాకులు

ఒకటి, “అర్హతలు లేవు.” నిజంగా అర్హతే సమస్య అయితే ఏ మెట్టుకు ఏ అర్హత కావాలో రాసి పెట్టండి. డిపార్ట్‌మెంటల్ పరీక్ష పెట్టండి, సెలవిచ్చి శిక్షణ ఇవ్వండి. లెక్చరర్లకు రిఫ్రెషర్ కోర్సులు ఎవరి డబ్బుతో జరుగుతున్నాయి? ల్యాబ్ మనిషికి ఒక్క వారం శిక్షణ ఇచ్చిన కాలేజీ ఏదైనా ఉంటే చెప్పండి, వచ్చే వారం దాని గురించి పొగుడుతూ రాస్తాను.

రెండు, “నిధులు లేవు.” న్యాక్ బృందం వస్తుందంటే రంగులకు, తోరణాలకు, ఫ్లెక్సీలకు నిధులుంటాయి. గ్రేడు వచ్చేది ల్యాబ్ చూసి కాదా?

మూడు, “వాళ్లకు ఇస్తే అందరూ అడుగుతారు.” అడగనివ్వండి. చేసిన పనికి జీతం, పెరిగిన నైపుణ్యానికి మెట్టు అందరూ అడగాల్సినవే. అంటరానివాడు బావిలో నీళ్లు తోడితే అందరూ తోడతారని భయపడ్డవాళ్ల మాట కూడా ఇదే కదా.

అధ్యాపక సంఘాలకు ఒక మాట. యూజీసీ బకాయిల కోసం మీరు రోడ్డెక్కినప్పుడు గేటుకు తాళం వేసింది, టెంటు వేసింది, నీళ్లు తెచ్చింది ఈ మనుషులే. వాళ్ల అర్జీ మీద మీ సంఘం సంతకం ఒక్కటి లేదు. ఐక్యత అంటే కిందివాడు పైవాడి కోసం నిలబడటమేనా? దళిత అధ్యాపక సంఘాలకు ఇంకో మాట. రోస్టర్ అంటే అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర మొదలవదు. మన ఇళ్లలో మొదటి ప్రభుత్వోద్యోగం చాలాసార్లు ల్యాబ్ తలుపు దగ్గరే వచ్చింది. ఆ తలుపు లోపల మెట్లు కట్టించే బాధ్యత మనదే.

8. ఏం చేద్దాం

ఆవేశం ఒక్కటే చాలదు, పని చెబుతాను.

సాంకేతిక సిబ్బంది ముక్కలన్నిటినీ కలిపి ఒకే సాంకేతిక క్యాడర్ చేయాలని అడగాలి. కాలేజీకి ఒకటి కాదు, జిల్లా అంతటికీ ఒకటి. అప్పుడు ఐదు అనే అంకె అడ్డం రాదు. ఆ క్యాడర్‌లో టెక్నీషియన్ గ్రేడ్ 3, 2, 1, ఆపైన సీనియర్ టెక్నీషియన్ అని కనీసం నాలుగు మెట్లు ఉండాలి. ఏ మెట్టూ ల్యాబ్ బయటికి తీసుకెళ్లకూడదు. అధ్యాపకుడికి ఉన్నట్టే, ఖాళీతో పని లేకుండా అర్హతతో పెరిగే పద్ధతి వాళ్లకూ ఉండాలి. అది వచ్చేలోపు ఔట్‌సోర్సింగ్ వాళ్లకు స్కేలులోని కనిష్ఠ వేతనం ఇవ్వాలి.

విద్యార్థి మిత్రులారా, మీకు ప్రత్యేకంగా ఒక పని. సమాచార హక్కు చట్టం, 2005 మీ చేతిలో ఉంది. సెక్షన్ 4(1)(బి) ప్రకారం ఉద్యోగుల నెలజీతాల వివరాలు ఎవరూ అడక్కముందే కాలేజీ బయటపెట్టాలి. మిగతావాటికి పది రూపాయలు పెట్టి అర్జీ రాయండి. ఈ ఐదు ప్రశ్నలు అడగండి:

మీ కాలేజీలో మంజూరైన సాంకేతిక, ల్యాబ్ పోస్టులు ఎన్ని, ఏ పేర్లతో?
వాటిలో ఖాళీలు ఎన్ని, ఏ సంవత్సరం నుంచి?
ఆ పోస్టుల సీనియారిటీ లిస్టు, ప్రమోషన్ రోస్టర్ రిజిస్టరు నకళ్లు ఇవ్వండి.
ఆ పోస్టులకు డిపార్ట్‌మెంటల్ ప్రమోషన్ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది?
ల్యాబుల్లో పనిచేస్తున్న ఔట్‌సోర్సింగ్ సిబ్బంది ఎందరు, నెలకు ఎంత ఇస్తున్నారు?

పోస్టుల్లో ఉన్నవాళ్లు అడిగితే బదిలీ చేస్తారు, మెమో ఇస్తారు. మిమ్మల్ని బదిలీ చేయలేరు. అందుకే ఇది మీరు అడగాలి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మొదటి అప్పీలు ఎలా రాయాలో వచ్చే వారం భాగంలో నమూనాతో సహా ఇస్తాను. వచ్చిన జవాబులన్నీ ఒకచోట చేరుద్దాం. ఏ జిల్లాలో ఎన్ని దీవులున్నాయో ఒక పటం గీద్దాం. ఆ పటం చేతిలో ఉంటే రేపు కమిషనర్ ముందైనా, కోర్టు ముందైనా “లెక్క లేదు” అనే మాట ఎవరి నోటి నుంచీ రాదు.

జై భీమ్.